పులి తినని గొడ్లు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. జరిగిన దాంట్లో సగం నా కోపం చేసింది, మిగతా సగం నా తెలివి చేసింది. పులి చేసింది చాలా తక్కువ.

నేను పశువుల డాక్టర్ని. పుట్టి పెరిగింది పాలకొల్లు, కాపురం రాజమండ్రి, ఉద్యోగం అక్కడికి ఉత్తరాన, కొండలు మొదలయ్యే చోట ఒక మెట్ట మండలంలో. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని బస్సెక్కుతాను. గేదెలకి ఎద సూదులు, దూడలకి నట్టల మందు, గాలికుంటు టీకాలు, అడ్డం తిరిగిన ఈతలు, ఇదీ నా పని. మా డెల్టా వాళ్ళకి పులి అంటే దసరాల్లో ఒంటికి రంగు పూసుకుని డప్పుకి గంతులేసే మనిషే. ఉద్యోగంలో చేరిన పద్నాలుగేళ్ళలో పులి గురించి ఒక్క పేజీ తిరగేయాల్సిన అవసరం నాకు రాలేదు.

ఒక వేసవిలో ఆ అవసరం వచ్చింది. పాపికొండల వైపు నుంచి దిగిందన్నారు. మా మండలంలో దూరం నుంచి అడవిలా కనపడేదంతా చాలావరకు జామాయిల్ తోటలే, కాగితం మిల్లులకి పోయే కర్ర. ఆ తోటల్లో నీడ ఉంటుంది గాని దుప్పి ఉండదు, కణుజు ఉండదు. పులి దాక్కోవడానికి పనికొస్తాయి, బతకడానికి పనికిరావు. వాటి పక్కన జీడిమామిడి, ఆ పక్కన పొలాలు. మెట్ట రైతులు చాలామంది గొడ్లని ఇంటి దగ్గర కట్టరు. పొలంలోనే పాక వేసి అక్కడే కట్టేస్తారు, దాన్ని మకాం అంటారు. ఆకలితో వచ్చిన జంతువుకి ఆ మకాములు తప్ప ఇంకేం కనపడతాయి.

మొదటి ఫోన్ వచ్చినప్పుడు నేను బస్సులో ఉన్నాను. చూడి గేదెని పులి పట్టిందన్నారు. పరిహారం కోసం కాగితం పెట్టుకోవాలంటే నేను వెళ్ళి, మెడ మీద కోరల గాట్లు చూసి, ఇది పులి పనే అని రాసివ్వాలి. ఆసుపత్రిలో సామాను తీసుకుని, ఆటో మాట్లాడుకుని ఆ మకాం చేరేసరికి పది దాటింది. అక్కడ గేదె లేదు. తడి మట్టికుప్ప ఉంది, దాని మీద కొబ్బరి మొక్క ఉంది.

ఈ వైపు ఆచారం అది. పాలిచ్చిన గొడ్డు చస్తే మొహానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, గోతిలో ఉప్పు పోసి పూడుస్తారు. పైన కొబ్బరి మొక్క నాటుతారు. మా పాలకొల్లులోనూ అంతే. మా పెరట్లో ఏ చెట్టు కింద ఏ గేదె ఉందో మా అమ్మ వేలు పెట్టి చూపించేది. ఇంటి మనిషిలా మసలిన దాన్ని నక్కలకి, కుక్కలకి వదిలేయడం మనుషులు చేసే పని కాదని మా అందరి నమ్మకం. నాకది తెలియక కాదు, తెలిసే అరిచాను.

"పూడ్చేసి నన్నెందుకండీ పిలిచారు? మట్టికి సర్టిఫికెట్ రాయనా?"

ఆ గేదె రైతు యాభై దాటిన మనిషి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. "ఎండెక్కిపోతాంది కదండి. వాసనొచ్చేత్తాదని పెట్టేసామండి" అన్నాడు.

"అయితే తవ్వి తీయించండి, చూస్తాను."

"అమ్మో, పసుపు రాసి పెట్టినదాన్ని మళ్ళా తవ్వుతారేంటండి!"

"చూడనిది చూశానని రాసివ్వడానికి నేనేమైనా మీ మేనత్తనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. తువ్వాలు విప్పి దులిపి మళ్ళీ చుట్టుకుని, "పోన్లెండి అయితే" అన్నాడు. నేను రాయలేదు. రూలు నా పక్షాన ఉంది కాబట్టి ఆ రోజు నేను చేసింది సరిగ్గానే ఉందనిపించింది. ఇంటికొచ్చి కడుపునిండా అన్నం కూడా తిన్నాను.

రెండు రోజులకి పక్క మకాంలో ఆవు పోయింది. మరో రెండు రోజులకి ఇంకో మకాంలో పెయ్య. నా అరుపు ఊరంతా పాకింది కాబట్టి ఈసారి నేను వచ్చేదాకా ఆగారు. నేను చూశాను, రాశాను, సంతకం పెట్టాను. నా సంతకం ఆరేలోపే గొయ్యి పూడిపోయింది. ఇలా వారం తిరిగేసరికి నాలుగు మకాముల ముందు నాలుగు కొబ్బరి మొక్కలు లేచాయి. టీ కొట్టు దగ్గర అందరిదీ ఒకటే మాట.

"ఇదేం పులండి బాబూ! చంపడమే గాని తినదు. ఇది ఆకలికొచ్చింది కాదండి, పగ బట్టొచ్చింది."

నేనూ తలూపాను. అంత చదువు చదివి, నేనూ నిజమేననుకున్నాను.

నాకు బుద్ధి చెప్పింది అడవి శాఖలో మా వైపు అడవి కాపలా, వాళ్ళ మాటలో బీటు, చూసే ఒకాయన. కొండ మీద పుట్టిన మనిషి. నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుని మాట్లాడతాడు. నాలుగో గోతి దగ్గర అందరూ వెళ్ళిపోయాక, నేల మీద పులి అడుగుల చుట్టూ పుల్లతో గీత గీస్తూ అన్నాడు, "తిననిస్తే కదా మేడం గారు, తింటుంది."

"అంటే?"

"ఒక గొడ్డుని పడేస్తే నాలుగైదు రోజులు దాని దగ్గరే తిరుగుతుంది. కొంచెం తిని పోతుంది, మళ్ళీ వస్తుంది. ఇక్కడ మళ్ళీ వచ్చేసరికి ఏముంది? మట్టి. అందుకే ఇంకోటి పట్టుకుంటుంది. పూడ్చకుండా ఉంటే ఈ వారంలో పోవాల్సింది ఒక గేదె. ఆ ఒక్కదాన్నీ తిని కొండ దాటేసేది."

ఆకలితో కూర్చున్న జీవి ముందు నుంచి కంచం లాగేసి, మళ్ళీ ఎందుకు వస్తావని తిట్టుకుంటున్నాం. ప్రతి గోతి పక్కనా నిలబడి సంతకం పెట్టింది నేనే. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అని ఆయన మీద కూడా అరిచాను. "చెప్పానండి. మా మాట వినరు. మీరు డాక్టరు గారు, మీ మాటైతే వింటారు" అన్నాడు.

సిగ్గేసింది. నా సిగ్గు ఎప్పుడూ ఊరికే కూర్చోదు, వెంటనే హుషారుగా మారిపోతుంది. రెండు రోజులు కూర్చుని పులి గురించి దొరికిందల్లా చదివాను. రెండో రోజు సాయంత్రం జనం పాలు పోయడానికి వచ్చే వేళకి పాల కేంద్రం అరుగు మీద నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. పులి పట్టిన గొడ్డుని ముట్టుకోవద్దని, నేను వచ్చి రాసిచ్చాక కూడా అక్కడే వదిలేయమని, అదొక్కటే మిగతా గొడ్లని కాపాడే దారి అని చెప్పాను. ఈ పులి ఇంతవరకూ మనుషుల జోలికి రాలేదని, దాని దారిన దాన్ని పోనిస్తే పోతుందని కూడా చెప్పాను. సగం మంది క్యాన్లు కడుక్కుంటూ విన్నారు. కొంతమంది ఆవలించారు. ఒక్క మనిషి మాత్రం ముందుకొచ్చి కూర్చుని శ్రద్ధగా విన్నాడు. నేను మేనత్తని కానని చెప్పిన ఆ గేదె రైతు.

"మళ్ళా ఏ టయానికి వత్తాదండి?" అని అడిగాడు.

"పొద్దు గూకాక. మనుషుల అలికిడి తగ్గాక."

"మరి ఎక్కడి నించి మొదలెడతాదండి తినడం?"

"చిరుతైతే పొట్ట వైపు నుంచి. పెద్దపులి మాత్రం వెనక తొడల దగ్గర మొదలుపెడుతుంది" అన్నాను. చదివి నాలుగు గంటలు కూడా కాలేదు, నోట్లో ఆడుతోంది.

"ఎప్పుడూ అంతేనాండి?"

"దాదాపు అంతే. చూడండి, ఈయన అడిగినట్టు అడగాలి, అప్పుడే తెలుస్తుంది" అని అందరితో అన్నాను. ఆయనతో ఆ రోజు దురుసుగా మాట్లాడానన్న బాధ ఎక్కడో ఉంది. అది తీరిపోయినట్టు అనిపించి, ఇంకా విడమరిచి చెప్పాను. ఆయన "ఆయ్, ఆయ్" అంటూ తలూపాడు. బస్సులో రాజమండ్రి వచ్చేదాకా నా మనసు తేలికగా ఉంది.

మూడో రోజు పొద్దున్న ఊరి చివర ఒక్కర్తీ ఉండే మామ్మగారి ఆవుని పట్టింది. ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. ఉన్నది ఆ ఒక్క ఆవే. ఐదు ఈతలకీ నేనే వెళ్ళాను, రెండుసార్లు చెయ్యి పెట్టి దూడని తీశాను. నేను వెళ్ళేసరికి ఆవిడ ఆవు తల పక్కన కూర్చుని ఉంది. మొహానికి పసుపు రాసేసింది, బొట్టు పెట్టేసింది. పలుగు, పార పట్టుకుని ఇద్దరు మనుషులు ఆవిడ మాట కోసం చూస్తున్నారు.

"మామ్మగారూ, పూడ్చొద్దండీ" అన్నాను.

"అదేం మాటమ్మా! నా కూతురుకి నేను పురుడు పోసాను, ఇదీ అంతే నాకు. నక్కలపాలు చేత్తానా?"

"నక్కలు రావు మామ్మగారూ. పులే వస్తుంది. ఇది తింటే ఇంకో ఇంట్లో ఆవు పోదు. మీ ఆవు ఇంకో నాలుగు ఆవుల్ని బతికిస్తుంది."

ఆవిడ ఆవు చెవి పట్టుకుని నిమురుతూ కూర్చుంది. తర్వాత, "పాపం కదమ్మా?" అంది.

"ఆ పాపం నాదండీ. మీకు అంటదు" అన్నాను.

నా మాట మీద లేచింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. పలుగు మనుషులు నా వైపు వింతగా చూసి వెళ్ళారు. బీటు ఆయన చెట్టుకి కెమెరా కట్టాడు.

మర్నాడు పొద్దున్న ఆయన నేను బస్సు దిగే చోటికి ఎదురొచ్చి ఫోన్‌లో ఫోటో చూపించాడు. వచ్చింది, తింది. ఆడపులి. ఆవు తొడల దగ్గర వంగి, తల తిప్పి సరిగ్గా కెమెరా వైపు చూస్తోంది. పక్కటెముకలు కనపడుతున్నాయి. ఇంత సన్నగా ఉందేమిటని అడిగాను. "తిండి లేక" అన్నాడు ఆయన. ఆ రోజు ఊళ్ళో ఏ గొడ్డూ పోలేదు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క గొప్ప పని ఇదే అనుకున్నాను. అనుకున్న మాట ఎందుకు దాచాలి, అలాగే అనుకున్నాను.

ఆ మర్నాడు పులి వాగు దగ్గర దొరికింది. ఆవుకి రెండు వందల అడుగుల దూరంలో, మూతి నీళ్ళలో పెట్టి పడి ఉంది. నోటి చుట్టూ నురగ ఎండిపోయి ఉంది. మొహాన్ని తన ముందు కాళ్ళతోనే రక్కుకుంది. ఆవు దగ్గరికి వెళ్ళి చూశాను. వెనక తొడల మాంసంలో వరికి చల్లే గుళికల మందు కనపడింది. వేరే చోట ఎక్కడా లేదు.

ఊరంతా వాగు గట్టు మీదే ఉంది, ఫోన్లు పైకెత్తి. గేదె రైతు జనాన్ని తోసుకుని నా దగ్గరికి వచ్చాడు. దాక్కోలేదు, తల దించుకోలేదు. మొహం వెలిగిపోతోంది.

"మీరు చెప్పినట్టే తొడ కాడ వేసానండి. పొద్దు గూకే ముందే వెళ్ళొచ్చేసాను. మీరు చెప్పకపోతే మాకేం తెలుసండి డాక్టరమ్మ గారూ!"

వెటకారం కాదు. నిజంగా నా మేలు తలుచుకున్నాడు. పక్కనే అడవి శాఖ వాళ్ళు నలుగురు ఉన్నారు. వాళ్ళు ఆయన చెయ్యి పట్టుకున్నాక గాని ఆయనకి అర్థం కాలేదు. "ఏం, నేనేం చేసానండి? నా గేదెకి కాయితం రాయలేదు గదా మీరు. నా గేదెని ఎవరు చూసారండి?" అంటూ నా వైపు చూస్తూనే జీపెక్కాడు. ఆ రోజు మట్టికుప్ప పక్కన నేను అరవకుండా రెండు మాటలు మెత్తగా మాట్లాడి ఉంటే, ఆయన ఆ అరుగు మీద అంత ముందుకొచ్చి కూర్చునేవాడా? నాకు తెలియదు. రోజుకి ఒక్కసారైనా ఈ ప్రశ్న నా ముందుకొస్తుంది.

పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్ద డాక్టరు గారు పులిని కోసి చూశారు, నేను పక్కన ఉండి పట్టుకున్నాను. పద్నాలుగేళ్ళుగా పొదుగులు పట్టుకున్న చేతులు నావి. కళ్ళకన్నా ముందు వేళ్ళకి తెలిసింది. చనుమొన దగ్గర నొక్కితే పాలు వచ్చాయి. పెద్ద డాక్టరు గారు నా చేతి వైపు చూసి, "ఎక్కడో పిల్లలున్నాయి" అన్నారు. నేను గ్లోవు తీసేసి చెట్టు చాటుకి వెళ్ళి ఏడ్చాను.

సాయంత్రం దహనం చేశారు. గోళ్ళు, కోరలు, మీసాలు అన్నీ ఉన్నాయో లేదో చూసి, రాసుకుని మరీ నిప్పు పెట్టారు, ఎవరైనా పట్టుకుపోతారని. మంట లేస్తుండగా రాజమండ్రి నుంచి మా బంధువొకావిడ ఫోన్ చేసింది. టీవీలో నన్ను చూసిందట. "పులిగోరొకటి దొరుకుతుందేమో చూడవే, మా మనవడికి దడుపు జ్వరం వస్తోంది" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, ఇంటికి వెళ్తే కాఫీ ఇవ్వకుండా పంపదు. ఫోన్ పెట్టేశాను.

పిల్లల కోసం బీటు ఆయన, ఇంకో పది మంది జామాయిల్ తోటల్లో, కొండ మొదట్లో, వాగు పొడుగునా వెతికారు. సెలవు పెట్టి నేనూ రెండు రోజులు తిరిగాను. నేను వాటికి ఏం చేయగలనో తెలియదు, పాల సీసా మాత్రం సంచిలో పెట్టుకున్నాను. పదో రోజున ఆయన వెతకడం మానేశాడు. "ఇంకా బతికుండవండీ, అంత చిన్నవైతే" అన్నాడు. కళ్ళ కింద నల్లగా అయిపోయింది మనిషికి. కొండ మీద ఆయన తాత పులుల మధ్యే తిరిగాడట, ఏనాడూ ఒక్కదాన్నీ చంపలేదట. ఇప్పుడు ఆయనకి జీతమిచ్చి పులిని కాపాడమంటే, ఉన్న ఒక్కదాన్నీ కాపాడలేకపోయాడు. ఆ మాట ఆయనే అన్నాడు.

మామ్మగారి దగ్గరికి వెళ్ళడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది, మంచినీళ్ళు తెచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఎవరి మీదా కోపం లేనట్టు, నేల చూస్తూ అంది.

"పదేళ్ళు పాలిచ్చిందమ్మా. చచ్చాక దాంతో విషం పెట్టించాం."

పాపం నాదేనని ముందే ఒప్పుకున్నాను, అయినా ఆవిడ ఆ మాట ఎత్తలేదు. 'పెట్టించావు' అనకుండా 'పెట్టించాం' అంది. నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇంకో ఆవుని ఇప్పిస్తానని ఏదో అన్నాను. వద్దని తల అడ్డంగా ఊపింది.

గేదె రైతు బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తూనే ఉంది. ఊళ్ళో ఆయనకి మర్యాద పెరిగింది. నన్ను చూస్తే తువ్వాలు తీసి నమస్కారం పెడతాడు, నేనూ పెడతాను.

తర్వాతి చలికాలంలో అటు పక్క ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మకాంలో పాడి ఆవు. అడుగులు పెద్దవి, మగపులని బీటు ఆయన చూడగానే చెప్పాడు. ఆడదాన్ని వెతుక్కుంటూ వచ్చి ఉంటుందన్నాడు. నేను మెడ మీద గాట్లు చూసి, కొలిచి, కాగితం రాసి సంతకం పెట్టాను. ఆ ఇంటి వాళ్ళు గొయ్యి సగం తవ్వి ఆపారు. పసుపు గిన్నె పట్టుకుని ఇల్లాలు పక్కన నిలబడి ఉంది. గోతిలో నుంచి రైతు తలెత్తి అడిగాడు.

"పూడ్చొద్దంటారటగా డాక్టరమ్మ గారూ? అలాగే ఉంచేయమంటారా?"

బీటు ఆయన నా వైపు చూశాడు. నేను ఏం చెప్పాలో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అలా ఉంచేస్తే ఇంకో ఆవు పోదు. ఉంచేస్తే ఎవరి సంచిలో గుళికలున్నాయో ఎవరికి తెలుసు. చుట్టూ నిలబడ్డ ముప్పై మందినీ చూశాను. అందరూ మంచివాళ్ళలాగే ఉన్నారు. ఒకాయన నా మాట వినడానికి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పూడ్చేయండి" అన్నాను.

బీటు ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, గొయ్యి నిండేదాకా నా పక్కనే నిలబడ్డాడు. మూడో రోజు పొద్దున్న బస్సులో ఉండగా మళ్ళీ ఫోన్ మోగింది. ఇంకో మకాం, ఇంకో ఆవు. నేను వచ్చి రాసిచ్చేదాకా ఆగమని, రాయగానే పూడ్చేయడానికి గొయ్యి తవ్వి ఉంచమని చెప్పాను.